648 పాత ఫైళ్లు చెప్పిన సంగతి: బీటెక్ తర్వాత న్యూరోసైన్స్ చదవొచ్చా?

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పెద్దది. బస్సులో ఉన్నవాళ్లు, డేటా అయిపోవచ్చినవాళ్లు వీడియో పక్కన పెట్టి చదువుకోవడానికి వీలుగా ఎప్పటిలాగే మొత్తం మాటలు ఇక్కడ పెడుతున్నా.

పోయిన నెల మన సిద్దిపేట నుంచే ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. బీటెక్ ఫైనల్ ఇయర్, సీఎస్ఈ. "అన్నా, నాకు క్యాంపస్‌ల జాబ్ వచ్చింది, ఏడాదికి నాలుగు లక్షలు. కానీ నాకు బ్రెయిన్ మీద రీసెర్చ్ చెయ్యాలనుంది. మా బాపుకు చెప్తే, గది డాక్టర్లు చేసేది కదా బిడ్డా, నువ్వు చదివింది కంప్యూటర్ కదా అంటున్నడు. నేనేం చెప్పాలె?" ఇదీ మెసేజ్.

వెంటనే రిప్లై ఇవ్వలేదు. "నీ మనసుకు నచ్చింది చెయ్" అని ఒక్క లైన్ కొట్టడం తేలిక, కానీ ఆ లైన్‌తో వాళ్ల ఇల్లు నడవదు. అందుకే కొంచెం చదివి, కొంచెం అడిగి తెలుసుకొని, ఇప్పుడు చెప్తున్నా. ముందు ఒక కథ చెప్తా, తర్వాత లెక్కలు.

డాక్టర్ అడిగిన వింత ప్రశ్న

మా నాయనమ్మకు సిద్దిపేట పాత బజారులో చిన్న గాజుల దుకాణం ఉండేది. చదువు రాదు, సంతకం కూడా వేలిముద్రే. కానీ బేరం మాత్రం రెండు భాషల్లో ఆడేది. ఒక గిరాకీతో తెలుగులో మాట్లాడుతూనే పక్కన నిలబడ్డ ఇంకో అమ్మతో "క్యా హోనా అమ్మా, హరా హోనా?" అని ఉర్దూలోకి పోయేది. మళ్లీ ఇటు తిరిగి తెలుగు. మాకు అది మామూలు విషయం, ఎన్నడూ గొప్పగా అనుకోలేదు.

డెబ్బై దాటాక మెల్లగా మతిమరుపు మొదలైంది. దుకాణం తాళం ఎక్కడ పెట్టిందో మర్చిపోవడం, చెప్పిందే మళ్లీ చెప్పడం. తర్వాత ఒక రోజు మా బాపును పట్టుకొని "నువ్వెవరి కొడుకువి బిడ్డా?" అని అడిగింది. బాపు ఆ రోజు అన్నం తినలేదు.

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి తీసుకుపోయినం. జూనియర్ డాక్టర్ ఒకాయన కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగాడు. "ఈ రోజు తేదీ ఎంతమ్మా?" అంటే నాయనమ్మ "ఏకాదశి" అంది. నాకు నవ్వొచ్చింది. డాక్టర్ నవ్వలేదు, ఫోన్‌లో క్యాలెండర్ తీసి చూసుకున్నాడు. నిజంగానే ఆ రోజు ఏకాదశి. ఆయన కాగితం మీద ఏదో రాసుకొని, ఇంకో ప్రశ్న అడిగాడు: "అమ్మకు ఎన్ని భాషలు వచ్చు?"

మతిమరుపుకూ భాషలకూ ఏం సంబంధం అనుకున్నా అప్పుడు. ఆ ప్రశ్న వెనకాల ప్రపంచమంతా చదివిన ఒక హైదరాబాద్ రీసెర్చ్ పేపర్ ఉందని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

నిమ్స్‌లో ఫైళ్లు తీశారు

హైదరాబాద్ పంజాగుట్టలో నిమ్స్ ఉంది కదా, అక్కడ మెమరీ క్లినిక్ ఉంది. మతిమరుపు, డిమెన్షియా ఉన్నవాళ్లను చూసే క్లినిక్ అది. అక్కడ న్యూరాలజిస్టుగా పనిచేసిన డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె టీమ్ కలిసి క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా పేషెంట్ల రికార్డులు ముందు పెట్టుకున్నారు. ఆ 648 మందిలో 391 మందికి రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చు. మిగతా 257 మందికి ఒక్క భాషే.

వాళ్లు అడిగిన ప్రశ్న చాలా సింపుల్: మొదటి లక్షణాలు ఏ వయసులో కనపడ్డాయి?

ఒక్క భాష మాట్లాడేవాళ్లలో సగటున 61.1 ఏళ్లకు. రెండు, అంతకన్నా ఎక్కువ మాట్లాడేవాళ్లలో 65.6 ఏళ్లకు. అంటే తేడా నాలుగున్నర ఏళ్లు. ఈ పేపర్ 2013లో 'న్యూరాలజీ' అనే జర్నల్‌లో వచ్చింది.

ఇది మొదటి పేపర్ ఏం కాదు. 2007లో కెనడాలో ఎలెన్ బియాలిస్టాక్ టీమ్ టొరంటోలోని 184 మంది పేషెంట్ల రికార్డులు చూసి, దాదాపు నాలుగేళ్ల తేడా ఉందని అప్పటికే చెప్పింది. మరి హైదరాబాద్ పేపర్ గురించి ప్రపంచం ఎందుకు మాట్లాడింది?

ఇక్కడే రీసెర్చ్ అంటే ఏందో అర్థమవుతుంది, జాగ్రత్తగా చదవండి.

టొరంటోలో రెండు భాషలు వచ్చినవాళ్లలో ఎక్కువమంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్లు. ఇల్లు, ఊరు వదిలి ఇంకో దేశం పోయి బతికినవాళ్లు మామూలుగానే గట్టి మనుషులు అయి ఉండొచ్చు కదా? వాళ్ల తిండి వేరు, జీవితం వేరు. అప్పుడు ఆ నాలుగేళ్లు భాష వల్ల వచ్చాయా, వలస వల్ల వచ్చాయా? కెనడాలో ఈ రెండింటినీ విడదీయడం చాలా కష్టం.

హైదరాబాద్‌లో అట్లా కాదు. ఇక్కడ రెండు భాషలు రావడానికి ఎవరూ విమానం ఎక్కనక్కర్లేదు. పక్కింటివాళ్లతో ఉర్దూ, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లిషో హిందీయో. పుట్టిన ఊర్లోనే, అదే బజారులో రెండు భాషలు. కాబట్టి వలస అనే అనుమానం ఇక్కడ పక్కకు పోయింది.

ఇంకో అనుమానం మిగిలింది. మన దగ్గర రెండో భాష వచ్చినవాళ్లు ఎక్కువ చదువుకున్నవాళ్లు అయి ఉంటారు, చదువే మెదడును కాపాడి ఉండొచ్చు కదా? దానికి కూడా హైదరాబాద్‌లోనే జవాబు దొరికింది. అసలు చదువే రాని పేషెంట్లను విడిగా చూశారు. వాళ్లలో కూడా తేడా కనపడింది. స్కూలు మొహం చూడకుండా రెండు భాషలు మాట్లాడే మనుషులు మన దగ్గర మస్తుమంది ఉన్నారు, మా నాయనమ్మ లాగా. చాలా దేశాల్లో అలాంటివాళ్లు రీసెర్చ్‌కు దొరకడం కష్టం. పని, ఆడా మగా, పల్లె పట్నం లాంటి తేడాలు కూడా లెక్కలోకి తీసుకున్నారు. అయినా భాష తేడా నిలబడింది.

ఇంకో సంగతి కూడా పేపర్‌లో ఉంది: రెండు దాటి మూడు, నాలుగు భాషలు వస్తే అదనంగా లాభమేం కనపడలేదు.

మెదడు లోపల ఏం జరుగుతుండొచ్చు?

రెండు భాషలు వచ్చినవాళ్ల మెదడులో ఒక భాష మాట్లాడేటప్పుడు రెండోది పూర్తిగా ఆఫ్ అవ్వదు. అది కూడా ఆన్‌లోనే ఉంటుంది, దాన్ని ఆపి పెట్టాలి. ఎవరితో ఏ భాష అని చూసుకొని క్షణంలో మారాలి. ఈ ఆపడం, మారడం అనే పనిలో మెదడు ముందు భాగానికి పెద్ద పాత్ర ఉంది. యాభై ఏళ్లు రోజూ ఈ పని చేస్తే మెదడుకు కొంత అదనపు బలం వస్తుందని ఒక వాదన. దాన్ని కాగ్నిటివ్ రిజర్వ్ అంటారు.

మన భాషలో చెప్తా. సిద్దిపేట నుంచి హైదరాబాద్ పోవాలంటే రాజీవ్ రహదారి. ప్రజ్ఞాపూర్ దగ్గర రోడ్డు బ్లాక్ అయిందనుకోండి. ఆ ఒక్క రోడ్డే తెలిసినోడు అక్కడే ఆగిపోతాడు. ఊర్ల లోపలి రోడ్లు తెలిసినోడు తిప్పుకొని ఎట్లనో జేబీఎస్ చేరతాడు. చూసేవాళ్లకు రోడ్డు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ రోడ్డు బాగుపడలేదు, బ్లాక్ అట్లనే ఉంది. ఇంకా కొన్నాళ్లకు లోపలి రోడ్లు కూడా పాడైతే అతనూ ఆగిపోతాడు.

డిమెన్షియా కూడా అంతే అని ఈ వాదన చెప్తుంది. జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది, బయటికి కనపడటం మాత్రం ఆలస్యమవుతుంది.

వాట్సాప్‌లో మాత్రం వేరే తిరుగుతుంది

"రెండు భాషలు మాట్లాడితే అల్జీమర్స్ రాదు" అని మీకు కూడా ఫార్వర్డ్ వచ్చే ఉంటుంది. ఆ పేపర్ ఆ మాట అనలేదు. అనలేదు కూడా. ఎందుకో మీరే ఆలోచించండి, ఒక్క నిమిషం ఆగి.

ఆ 648 మంది ఎవరు? అందరూ డిమెన్షియా పేషెంట్లే. రెండు భాషలు వచ్చిన ఆ 391 మందికి కూడా డిమెన్షియా వచ్చింది. వచ్చినవాళ్లను మాత్రమే చూసిన స్టడీ "రాదు" అని ఎట్లా చెప్తుంది? "వచ్చినవాళ్లలో ఎప్పుడు వచ్చింది" అని మాత్రమే చెప్పగలదు. పేపర్ రాసినవాళ్లకు ఇది తెలుసు, అంతే రాశారు. ఫార్వర్డ్ చేసినవాళ్లే ఒక అడుగు ఎక్కువ వేశారు.

అట్లనే అరవై ఏళ్లకు యాప్ పెట్టుకొని స్పానిష్ నేర్చుకుంటే కూడా ఇదే లాభం వస్తుందని ఈ పేపర్ నుంచి చెప్పలేం. ఇందులో ఉన్నది జీవితమంతా రెండు భాషల్లో బతికినవాళ్ల సంగతి.

ఇంకా ఉంది. తర్వాత వేరే దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న మనుషులను తీసుకొని, ఏళ్ల తరబడి ఫాలో చేసి, ఎవరికి డిమెన్షియా వస్తుందో చూశారు. అలాంటి స్టడీల్లో రెండు భాషలవాళ్లకు రిస్క్ తక్కువ అని తేలలేదు. అంటే వెనక్కి తిరిగి ఫైళ్లు చూస్తే ఒక జవాబు, ముందునుంచి మనుషులను చూస్తూ పోతే ఇంకో జవాబు. ఏది నిజం? రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులా? ఆసుపత్రిదాకా ఎవరు వస్తారు, ఎవరు రాలేకపోతారు అన్నది లెక్కను మారుస్తుందా? ఇప్పటికీ సైంటిస్టులు దీని మీద కొట్లాడుతూనే ఉన్నారు.

హైదరాబాద్ టీమ్ కూడా అక్కడితో ఆగలేదు. నిమ్స్‌లోనే స్ట్రోక్ వచ్చిన 608 మంది రికార్డులు చూశారు. స్ట్రోక్ తర్వాత ఆలోచన, జ్ఞాపకశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒక్క భాషవాళ్లలో 19.6 శాతం. కానీ స్ట్రోక్ వల్ల మాట పడిపోవడంలో మాత్రం రెండు గుంపుల మధ్య తేడా లేదు. చూడండి, రెండు భాషలు వచ్చినవాళ్లకు మాట విషయంలో లాభం లేదు, ఆలోచన విషయంలో ఉంది. నాకు ఇది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. భాష అనేది ఒక్క మాటల పెట్టె కాదన్నమాట.

మరి బాపు అన్న మాట సంగతి?

"గది డాక్టర్లు చేసేది కదా" అన్నాడు కదా ఆ చెల్లె వాళ్ల బాపు. ఇప్పుడు 2013 పేపర్ మీద పేర్లు చూద్దాం. సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్ న్యూరాలజిస్టులు. నిజమే, డాక్టర్లు ఉన్నారు. కానీ అదే లిస్టులో దుగ్గిరాల వసంత ఉన్నారు, అప్పట్లో ఉస్మానియా యూనివర్సిటీలో భాషాశాస్త్రం ప్రొఫెసర్. ఎవరిని రెండు భాషలు వచ్చినవాళ్లు అనాలి, ఎవరిని అనకూడదు అన్నది భాషాశాస్త్రం తెలిసినవాళ్ల ప్రశ్నే కదా. ఇంకా సూరంపూడి బాపిరాజు ఉన్నారు, యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్. తర్వాత ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్‌కు వచ్చారు. అంటే సీఎస్ మనిషి ఆ టీమ్‌లో ఉన్నాడు. ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్ కూడా ఉన్నారు.

ఇంకో ఉదాహరణ. 2019లో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో జయంతి శివస్వామి టీమ్ వంద మంది భారతీయుల ఎంఆర్‌ఐ స్కాన్లతో ఇండియన్ బ్రెయిన్ అట్లాస్ తయారుచేసింది. అంతకుముందు మన పేషెంట్ స్కాన్‌ను కూడా మాంట్రియల్‌లో తయారైన, తెల్లవాళ్ల మెదళ్లతో చేసిన టెంప్లేట్‌తో పోల్చేవారు. మన మెదడు సగటున పొడవు, వెడల్పు, ఎత్తుల్లో దానికన్నా కొంచెం చిన్నదని తేలింది. చిన్నది అంటే తెలివి తక్కువ అని కాదు, ఆ కామెంట్ పెట్టకండి దయచేసి. విషయం ఏందంటే, తప్పు కొలబద్దతో కొలిస్తే మామూలు మెదడు కూడా కుంచించుకుపోయినట్టు కనపడొచ్చు. ఈ పని చేసింది ఇమేజ్ ప్రాసెసింగ్ చేసే ఇంజనీర్లు.

ఏకాదశి సంగతి కూడా మర్చిపోవద్దు. మతిమరుపు పరీక్షల్లో ఎక్కువ వాడేది 1975లో అమెరికాలో తయారైన 30 మార్కుల టెస్ట్. అందులో తేదీ అడుగుతారు, ఒక వాక్యం రాయమంటారు, ఇంగ్లిష్ పదం స్పెల్లింగ్ వెనక నుంచి చెప్పమంటారు. చదువు రాని మనిషికి ఇది పెడితే జబ్బు లేకపోయినా ఫెయిల్ అవుతుంది. తెలుగులో అక్షరాలు, ఒత్తులు ఉన్న పదాన్ని వెనక నుంచి చెప్పమంటే మీరు చెప్తారా? నేను చెప్పలేను. అందుకే 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం చదువు రానివాళ్లకు సరిపోయే హిందీ టెస్ట్ కొత్తగా తయారుచేశారు. తెలుగులో కూడా ఆడెన్‌బ్రూక్స్ అనే టెస్ట్‌ను మన మనుషులకు తగ్గట్టు మార్చి వాడారు. ఒక టెస్ట్‌ను ఒక భాష నుంచి ఇంకో భాషలోకి తేవడం ట్రాన్స్‌లేషన్ కాదు, అదే ఒక రీసెర్చ్. తేదీ బదులు తిథి చెప్పిన మనిషికి మార్కు ఇవ్వాలా వద్దా? దానికి జవాబు బోస్టన్‌లో కూర్చున్నవాళ్లకు దొరకదు. మన బజారు తెలిసినవాళ్లకే దొరుకుతుంది.

దారులు ఎక్కడెక్కడున్నయ్?

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. నోట్ చేసుకోండి.

మొదటిది, యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్, గచ్చిబౌలి. అక్కడ సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ ఉంది. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ రెండూ ఉన్నాయి. ఎమ్మెస్సీకి సీయూఈటీ పీజీ రాయాలి. సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి ఫీజు ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే చాలా తక్కువ.

రెండోది, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్. కాగ్నిటివ్ సైన్స్‌లో ఎంఎస్ బై రీసెర్చ్, పీహెచ్‌డీ. దీనికి వాళ్ల సొంత పరీక్ష పీజీఈఈ ఉంటుంది, తర్వాత ఇంటర్వ్యూ. కోడింగ్ వచ్చినవాళ్లకు ఇది దగ్గర దారి.

మూడోది, బెంగళూరు. ఐఐఎస్‌సీలో సెంటర్ ఫర్ న్యూరోసైన్స్ ఉంది. నిమ్హాన్స్ ఉంది, సువర్ణ అల్లాడి తర్వాత పనిచేస్తున్నది అక్కడే. ఎన్‌సీబీఎస్ ఉంది. ఢిల్లీ పక్కన మానేసర్‌లో ఎన్‌బీఆర్‌సీ అని మెదడు రీసెర్చ్ కోసమే పెట్టిన సంస్థ ఉంది. ఐఐటీ కాన్పూర్, ఐఐటీ గాంధీనగర్‌లలో కాగ్నిటివ్ సైన్స్ ఉంది.

పరీక్షలు: గేట్ స్కోరు మూడేళ్లు పనికొస్తుంది. సీఎస్ఐఆర్ నెట్ బీటెక్ వాళ్లు కూడా రాయొచ్చు, కనీస మార్కులు ఉంటే. ఎన్‌సీబీఎస్ లాంటివాటికి టీఐఎఫ్ఆర్ నడిపే జెజీబిల్స్ అనే పరీక్ష ఉంది. అర్హతలు ఏటా కొంచెం మారుతుంటాయి. యూట్యూబర్ చెప్పాడని నమ్మకండి, నన్ను కూడా. ఆ సంవత్సరం నోటిఫికేషన్ పీడీఎఫ్ ఓపెన్ చేసి మీ కళ్లతో చదవండి.

డబ్బు సంగతి

ఇది చెప్పకుండా ఎపిసోడ్ ముగిస్తే నేను మోసం చేసినట్టే.

జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. ఇది 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేటు. హాస్టల్ లేకపోతే హెచ్‌ఆర్‌ఏ వేరుగా ఉంటుంది. 37,000 ఇంటు 12 అంటే 4,44,000. చెల్లె, నీ జాబ్ ఆఫర్ నాలుగు లక్షలు అన్నవ్ కదా. అంటే మొదటి ఏడాది నువ్వేం నష్టపోవు. మీ బాపుకు ఈ లెక్క కాగితం మీద రాసి చూపించు.

కానీ రెండో కాగితం కూడా చూపించు. ఐదో ఏడాదికి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నీ ఫ్రెండ్ జీతం రెండింతలు, మూడింతలు అవ్వొచ్చు. నీది 42,000 దగ్గరే ఉంటుంది. పీహెచ్‌డీ ఐదారేళ్లు పడుతుంది. మధ్యలో ఎమ్మెస్సీ చేస్తే ఆ రెండేళ్లు చేతి నుంచి ఖర్చు. జేఆర్‌ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరితే నాన్ నెట్ ఫెలోషిప్ నెలకు 8,000 మాత్రమే. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో ఇంటికి పైసలు పంపడం కాదు, నువ్వు బతకడమే కష్టం. ఫెలోషిప్ కొన్నిసార్లు నెలల తరబడి ఆలస్యంగా పడటం కూడా రీసెర్చ్ స్కాలర్లకు అలవాటైన బాధే. పీహెచ్‌డీ తర్వాత ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అది కూడా ముందే తెలిసి ఉండాలి.

ఇంట్లో అప్పు ఉండి, నీ జీతం మీదే వడ్డీ కట్టాల్సి ఉంటే, ముందు జాబ్‌లో చేరు. అది ఓడిపోవడం కాదు. నేను కూడా అదే చేసిన. బీటెక్ అయిపోయినప్పుడు నా దగ్గర గేట్ స్కోరు ఉంది, ఇంట్లో చెల్లె పెళ్లి అప్పు కూడా ఉంది. జాబ్‌కు పోయిన. అప్పు తీరింది, స్కోరు టైమ్ అయిపోయింది. బాధ ఉందా అంటే ఉంది. తప్పు చేసిన్నా అంటే, లేదు. కానీ ఆ రోజు నాకు ఎవరైనా ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే, జాబ్ చేస్తూనే మళ్లీ గేట్ రాసేవాణ్ని. అప్పుడు నాకు రెండో చాన్స్ ఉంటుందనే తెలియదు.

చేరకముందే రుచి చూడు

ఈ పని నీకు నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి ఐదేళ్లు పెట్టక్కర్లేదు. ఆరు నెలలు చాలు.

పైథాన్ వచ్చు కదా? ఓపెన్ న్యూరో అనే సైట్‌లో నిజమైన మెదడు స్కాన్ల డేటా ఫ్రీగా ఉంది. ఎంఎన్ఈ, నైలెర్న్ అనే లైబ్రరీలు ఫ్రీ. ఒక డేటాసెట్ దింపుకొని, ఒక పేపర్‌లో చూపించిన ఒక్క గ్రాఫ్‌ను మళ్లీ నువ్వే తెప్పించడానికి ట్రై చెయ్. న్యూరోమ్యాచ్ అకాడమీ అని ఆన్‌లైన్ సమ్మర్ స్కూల్ ఉంది, 2020లో మొదలైంది, మొత్తం పైథాన్‌లోనే. ఎన్‌పీటీఈఎల్‌లో కోర్సులు ఉన్నాయి. సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు అప్లై చేస్తే, సెలెక్ట్ అయితే రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో ఉండొచ్చు.

ఒక హెచ్చరిక. ఆ ఆరు నెలల్లో నీకు ఎక్కువ కనపడేది గొప్ప ఐడియాలు కాదు, పాడైన డేటా. తల కదిపిన స్కానింగ్‌లు, సగం నింపిన ఫారాలు, వయసు కాలమ్‌లో 150 అని ఉన్న ఎంట్రీలు. ఆ 648 ఫైళ్ల కథ వినడానికి బాగుంది. కానీ ఎవరో ఒకరు ప్రతి ఫైలు తెరిచి, ఈ మనిషికి లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయని ఇంటివాళ్లు చెప్పారో, ఏ భాష ఎవరితో మాట్లాడేదో చూసి, ఒక్కో గడి నింపి ఉంటారు. ఆ గడి నింపే పనిలో నీకు విసుగు కాకుండా అనుమానం పుడితే, "ఆగు, ఇది ఎట్లా సాధ్యం?" అని నిద్ర పట్టకపోతే, నువ్వు ఈ పనికి పనికొస్తవ్. విసుగే పుడితే మంచిదే, ఆరు నెలల్లోనే తెలిసింది.

చివరి మాట

ఇప్పుడు ముందుకు చూసే స్టడీలు మన దగ్గర కూడా మొదలయ్యాయి. ఐఐఎస్‌సీ క్యాంపస్‌లోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ కర్ణాటకలోని కోలార్ జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో 45 ఏళ్లు దాటిన పదివేల మందిని ఏళ్ల తరబడి ఫాలో అవ్వాలని పెట్టుకుంది. కోలార్ అంటే ఆంధ్రా బార్డర్, కన్నడతో పాటు తెలుగు కూడా ఇళ్లలో వినపడే జిల్లా. రెండు భాషలు నిజంగా మెదడును కాపాడతాయా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఇలాంటి చోట్ల నుంచి రావాలి. రేపే రాదు. పదేళ్లు, పదిహేనేళ్లు పడుతుంది. అప్పటికి ఆ డేటా ముందు ఎవరో ఒకరు కూర్చోవాలి. అందులో కోడింగ్ వచ్చినవాళ్లు కావాలి, తెలుగు వచ్చినవాళ్లు కావాలి, ఏకాదశి అంటే ఏందో తెలిసినవాళ్లు కావాలి.

మన దేశంలో 60 దాటినవాళ్లలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని ఒక పెద్ద జాతీయ సర్వే అంచనా. మీ వీధిలో కూడా ఒకరు ఉండే ఉంటారు. "ముసలితనం కదా, అంతే" అని వదిలెయ్యకండి, ఒకసారి డాక్టర్‌కు చూపించండి.

మా నాయనమ్మ సంగతి అడుగుతారని తెలుసు. ఆమె పోయి మూడేళ్లు. చివర్లో మా ఎవరి పేర్లూ గుర్తులేవు. కానీ చేతికి గాజుల డబ్బా ఇస్తే మాత్రం సైజు చూసి చెప్పేది. ఒకసారి తెలుగులో, ఒకసారి ఉర్దూలో. ఆ రెండో భాష ఆమెకు నాలుగేళ్లు ఎక్కువ ఇచ్చిందా? నేను చెప్పలేను. ఒక్క మనిషి కథ డేటా కాదు, ఈ ఎపిసోడ్ మొత్తం చెప్పింది అదే. కానీ ఆ ప్రశ్న మాత్రం నాకు అక్కడే పుట్టింది.

చెల్లె, మీ బాపుకు చెప్పు: ఇది డాక్టర్లు మాత్రమే చేసేది కాదు బాపూ, డాక్టర్లకు పక్కన కూర్చొని లెక్క తేల్చేవాళ్లు కావాలె, అది నేను చదివిందే. రెండు కాగితాలు చూపించు, దాచకు. గేట్‌కు అప్లై చెయ్, ఆఫర్ కూడా ఒప్పుకో. ఆరు నెలలు రాత్రిపూట ఆ డేటాతో కూర్చో. తర్వాత నువ్వే నాకు మెసేజ్ పెడతవ్, ఏం చేస్తున్నవో.

సరే ఫ్రెండ్స్, ఈ వారానికి ఇంతే. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ ఏ భాషలు మాట్లాడతారో ఈ రోజు ఒకసారి అడగండి. జవాబు విని మీరే ఆశ్చర్యపోతారు. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం.